ప్యాడ్ పొరల రూపకల్పన, మూడవ పాఠం: చర్మాన్ని తాకే పొర, దాని కింది పొర

మొదటి పాఠంలో శానిటరీ ప్యాడ్‌ను పొరలుగా విప్పి ఏది ఎక్కడ ఉంటుందో చూశాం. రెండవ పాఠంలో ద్రవాన్ని చివరికి పట్టి ఉంచే మధ్యభాగం గురించి, అంటే దూదిలా విప్పిన చెక్కగుజ్జైన ఫ్లఫ్ పల్ప్ గురించీ, అందులో కలిపే, ద్రవాన్ని పీల్చి జెల్‌గా మారే సాప్ (సూపర్ అబ్సార్బెంట్ పాలిమర్) పొడి గురించీ చదివాం. ఈ పాఠం చర్మాన్ని నేరుగా తాకే పై పొరకు, దాని కిందనే ఉండి ద్రవాన్ని అందుకునే రెండో పొరకు సంబంధించినది. పై పొరను విడిగా తీసుకుని, చేత్తో తడిమి, మెత్తగా ఉంది కదా అని ఎంచుకోవడమే చిన్న యూనిట్లలో నేను ఎక్కువసార్లు చూసిన పొరపాటు కనుక, ఈ రెండింటినీ ఒకే పాఠంలో పెట్టాను. పొడిగా ఉన్నప్పుడు పట్టులా తోచిన పొరే, తడిసి తడి వదలకపోతే, సాయంత్రానికి తొడల మధ్య చర్మాన్ని ఒరిపించేస్తుంది.

ముందుగా చర్మం సంగతి. శరీరంలో చాలా చోట్ల చర్మానికి రక్షణగా ఉండే మృతకణాల పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు మాత్రమే, అంటే మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు. వరి నాట్లకు దిగి బురదనీటిలో గంటల తరబడి నిలబడిన వారి కాలివేళ్ల సందులు తెల్లగా నాని ఒరిసిపోవడం మనందరికీ తెలుసు. ప్యాడ్ కింద జరిగేదీ అదే. తడి ఎక్కువసేపు నిలిస్తే ఆ పలుచటి పొర ఉబ్బి మెత్తబడుతుంది, బట్టతో దాని ఒరిపిడి పెరుగుతుంది, మామూలుగా 5 దగ్గర ఉండే చర్మపు పీహెచ్ పైకి జరుగుతుంది, పొడి చర్మం లోనికి రానివ్వని రసాయనాలను తడి చర్మం రానిస్తుంది. కాబట్టి చర్మానికి మేలు చేసే పొర ఏదో తేల్చడానికి మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న మెత్తదనం గురించి కాదు. తడి ఎంత వేగంగా కిందికి పోతుంది, కూర్చున్నప్పుడు పడే బరువుకు ఎంత తిరిగి పైకి వస్తుంది అన్నదే ఆ ప్రశ్న.

ద్రవాన్ని కిందికి లాగే బలం దీపపు వత్తిలో నూనెను పైకి ఎక్కించే బలమే. పోగుల మధ్య ఉండే సన్నని సందులు ద్రవాన్ని తమలోకి పీల్చుకుంటాయి. ఆ పీడనాన్ని లెక్కకట్టే సూత్రం చిన్నదే: ద్రవపు తలతన్యతను (ఉపరితలం సాగదీసిన పొరలా లాగే బలాన్ని) రెండుతో గుణించి, దాన్ని స్పర్శకోణపు కొసైన్‌తో గుణించి, సందు వ్యాసార్ధంతో భాగించాలి. స్పర్శకోణం అంటే ద్రవపు బొట్టు ఆ పదార్థం మీద నిలిచినప్పుడు దాని అంచు చేసే కోణం. తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా దొర్లుతుంది కనుక అక్కడ కోణం 90 డిగ్రీలకంటే చాలా ఎక్కువ. సిరాను పీల్చే అద్దుడు కాగితం మీద బొట్టు నిలవదు, పరుచుకుపోతుంది. అక్కడ కోణం చాలా తక్కువ. ఈ సూత్రంలో రూపకర్త చేతిలో ఉన్నవి రెండు: సందుల పరిమాణం, స్పర్శకోణం. చాలామంది మొదటిదాన్నే పట్టించుకుంటారు.

కేవలం సందుల మీద ఆధారపడితే పై నుంచి కిందికి సందులు అంతకంతకూ సన్నబడుతూ పోవాలి. పెద్ద సందులోని ద్రవం తనను తాకి ఉన్న చిన్న సందులోకి పోతుందే తప్ప దానంతటది వెనక్కి రాదు. అయితే రెండో పొర ఒక్కసారిగా వచ్చిన ద్రవాన్ని గబుక్కున మింగి, పొడవునా పంచి, తర్వాత నెమ్మదిగా మధ్యభాగానికి అప్పగించాలి. అందుకు అది గుల్లగా, పెద్ద సందులతో ఉండక తప్పదు. అలాంటప్పుడు పై పొర సందులు రెండో పొర సందులకంటే చిన్నవై, పై పొర ద్రవాన్ని తనలోనే ఉంచుకునే ప్రమాదం ఏర్పడుతుంది. ఇక్కడే స్పర్శకోణం మనకు ఉపయోగపడుతుంది. పై పొరను నీటిని కొద్దిగా మాత్రమే ఇష్టపడేలా, రెండో పొరను బాగా ఇష్టపడేలా చేస్తే సందుల లోటు తీరిపోతుంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. నీటి తలతన్యతను మీటరుకు 0.072 న్యూటన్లుగా తీసుకుందాం. పై పొరలో సందు వ్యాసార్ధం 80 మైక్రాన్లు, స్పర్శకోణం 80 డిగ్రీలు అనుకుంటే దాని పీల్పు సుమారు 310 పాస్కల్‌లు. రెండో పొరలో సందు దాదాపు రెట్టింపు, అంటే 150 మైక్రాన్లు ఉన్నా, స్పర్శకోణం 40 డిగ్రీలైతే పీల్పు సుమారు 735 పాస్కల్‌లు. మధ్యభాగంలో 25 మైక్రాన్ల సందు, అదే 40 డిగ్రీల కోణం అనుకుంటే సుమారు 4,400 పాస్కల్‌లు. మూడు అంకెలూ కిందికి పోయే కొద్దీ పెరిగాయి కనుక ద్రవం కిందికే పోతుంది. ఈ లెక్కను కాగితం మీద ఒకసారి సొంతంగా చేసి చూడండి. తర్వాత పై పొర కోణాన్ని 40 డిగ్రీలకు మార్చి మళ్లీ చేయండి. పై పొర పీల్పు దాదాపు 1,380 పాస్కల్‌లకు చేరి, రెండో పొరను మించిపోతుంది. నీటిని బాగా పీల్చే పై పొరే మంచిదన్న అభిప్రాయం ఎందుకు తప్పో ఆ ఒక్క మార్పు చూపిస్తుంది.

ఇప్పుడు బరువు సంగతి. 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న భాగం మీద 1 కిలో బరువు పెడితే దాదాపు 2,000 పాస్కల్‌ల ఒత్తిడి పడుతుంది. పైన చూసిన మధ్యభాగం ఈ ఒత్తిడికి లొంగదు. రెండో పొర మాత్రం లొంగుతుంది. దానిలో ఇంకా ద్రవం మిగిలి ఉంటే అది నేరుగా పైకి, చర్మం మీదికి వస్తుంది. అంటే చర్మం పొడిగా ఉండటం పై పొర గుణంకంటే, మధ్యభాగం రెండో పొరను ఎంత త్వరగా ఖాళీ చేస్తుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. పై పొర బాగాలేదని ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ముందు పల్ప్‌నూ, పొరల మధ్య గమ్మునూ పరీక్షిస్తాను. పొరలు ఒకదానికొకటి ఆనుకోకుండా గాలి సందు మిగిలితే ఈ వరుస అక్కడే తెగిపోతుంది. గమ్ము మరీ మందంగా పడితే సందులు మూసుకుపోతాయి. వేడికి కరిగే హాట్‌మెల్ట్ గమ్మును పలుచటి దారాల్లా, విడివిడిగా పడేలా చల్లడానికి కారణం ఇదే.

పదార్థాల ఎంపికకు వద్దాం. చిన్న యూనిట్లకు సులువుగా దొరికేది పాలీప్రొపిలీన్ స్పన్‌బాండ్, అంటే ప్లాస్టిక్ పోగులను పరిచి వేడి రోలరుతో చుక్కలు చుక్కలుగా అతికించిన, నేయని బట్ట, సాధారణంగా చదరపు మీటరుకు 15 నుంచి 25 గ్రాముల బరువులో. పాలీప్రొపిలీన్ సహజంగా నీటిని తోసేస్తుంది. ప్యాడ్‌కు వాడే రకానికి నీటిని రానిచ్చే పూత వేస్తారు. మాస్కులకూ సంచులకూ వాడే రకానికి వేయరు. చూడటానికి రెండూ ఒకటే. నేను పనిచేసిన ఒక యూనిట్‌లో పూత లేని రోలు వచ్చి, దానితోనే ప్యాడ్‌లు కట్టేశాం. వాడిన స్త్రీలు రెండు వైపులా కారిపోతోందని చెప్పేవరకూ మాకు తెలియలేదు. వాళ్లు బట్టలు పాడుచేసుకుని, పదిమందిలో సిగ్గుపడి, ఆ తర్వాత మాకు చెప్పారు. ఒక్క నీటిబొట్టు వేసి చూసి ఉంటే ఆ బాధ వారికి తప్పేది. అప్పటి నుంచి ప్రతి రోలు మొదటి మీటరు మీద బొట్టు పరీక్ష చేయకుండా మిషన్‌కు ఎక్కించవద్దని నా దగ్గర నేర్చుకునే ప్రతివారికీ చెబుతున్నాను.

పూతలోనూ తేడాలున్నాయి. కొన్ని పూతలు మొదటి తడికే కడుక్కుపోతాయి. అప్పుడు రెండోసారి వచ్చిన ద్రవం పై పొర మీదే నిలిచిపోతుంది. కడుక్కుపోయిన పూత ద్రవంలో కలిసి దాని తలతన్యతను తగ్గిస్తుంది కనుక కింది పొరల పీల్పు కూడా తగ్గుతుంది. ఆ పూత చర్మానికి తగలడం కూడా మంచిది కాదు. అందుకే ఒకసారి పోసి చూసిన ఫలితాన్ని నమ్మకూడదు.

దీనికంటే మెరుగైనది ఎయిర్‌త్రూ రకం నాన్‌వోవెన్ (నేయని బట్ట). ఇందులో ప్రతి పోగుకూ లోపల పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్, పైన పాలిథిలీన్ తొడుగు ఉంటాయి. వేడిగాలి పంపినప్పుడు 130 డిగ్రీల దగ్గర తొడుగు మాత్రమే కరిగి, పోగులు ఒకదానినొకటి తాకే చోట అతుక్కుంటాయి. స్పన్‌బాండ్‌లో రోలరు నొక్కిన గట్టి చుక్కలు ఉన్నట్టు ఇందులో ఉండవు కనుక ఇది గుల్లగా, మృదువుగా ఉంటుంది. పై పొరకు 2 డెనియర్ పోగు తగినది (డెనియర్ అంటే 9,000 మీటర్ల పోగు బరువు గ్రాముల్లో). దాని మందం దాదాపు 17 మైక్రాన్లు. రెండో పొరకు 6 డెనియర్ వాడితే మందం సుమారు 30 మైక్రాన్లై, బరువు పడినా పొర పూర్తిగా అణగిపోదు. రంధ్రాల ప్లాస్టిక్ ఫిల్ము పై పొర తడిని బాగానే దాచిపెడుతుంది, కాని మన కోస్తా వేసవిలో చెమట పట్టిన చర్మానికి అది అతుక్కుంటుంది. నేను దాన్ని సిఫారసు చేయను.

గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవారు తప్పక అడిగే ప్రశ్న, పత్తినే పై పొరగా పెట్టవచ్చు కదా అని. పెట్టవచ్చు. అయితే దూదిని ఉడికించి మైనం తీసేస్తే అది నీటిని పీల్చి పోగులోపలే దాచుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు హాయిగా ఉండి, తడిశాక తడిగానే మిగులుతుంది. మైనం కొంత మిగిల్చిన పత్తిని, నీటి ధారలతో పోగులు పెనవేసే స్పన్‌లేస్ పద్ధతిలో పలుచటి పొరగా చేసి, కింద బలమైన రెండో పొర పెడితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. ఇక సువాసనల విషయంలో నా అభిప్రాయం ఒక్కటే: వేయవద్దు. స్పర్శ వల్ల వచ్చే అలర్జీకి సుగంధ ద్రవ్యాలు తెలిసిన కారణాలు, ప్యాడ్ పనితీరుకు అవి చేసే మేలు ఏమీ లేదు.

అభ్యాసం

భారతీయ ప్రమాణం ఐఎస్ 5405 ప్రకారం ప్యాడ్ మధ్యలో నిమిషానికి 15 మిల్లీలీటర్ల చొప్పున 30 మిల్లీలీటర్ల ద్రవం పోసినా అడుగునా అంచులా కనిపించకూడదు. ఆ పరీక్ష అడుగునూ అంచులనూ చూస్తుంది. పైకి తిరిగి వచ్చే తడిని మనం విడిగా కొలుద్దాం. ఇందుకు 0.01 గ్రాము చూపే నగల తూకపు యంత్రం, సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి, ఫోన్‌లో స్టాప్‌వాచ్, అద్దుడు కాగితాలు, 1 కిలో తూకపు రాయి చాలు. పరీక్షా ద్రవంగా తూకంలో 4 పాళ్ల గ్లిజరిన్, 6 పాళ్ల నీరు, కొద్దిగా ఎర్రరంగు కలపండి. దీని చిక్కదనం రక్తపు చిక్కదనానికి దగ్గరగా ఉంటుంది.

ప్యాడ్ మధ్యలో 5 మిల్లీలీటర్లు పోసి, ఉపరితలం మీద మెరుపు మాయమయ్యేవరకు పట్టిన సెకన్లు రాయండి. ఒక నిమిషం ఆగి అదే చోట మళ్లీ 5, ఇంకో నిమిషం ఆగి మరో 5 పోయండి. మూడు సమయాల మధ్య తేడా పూత నిలకడను చెబుతుంది. మూడవది మొదటిదానికి రెట్టింపు దాటితే ఆ రోలును పక్కన పెట్టండి. తర్వాత 5 నిమిషాలు ఆగి, ముందే తూచిన అయిదు కాగితాల దొంతరను తడి మీద పరిచి, వాటి మీద 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చెక్కముక్కను, దాని మీద రాయిని ఒక నిమిషం ఉంచి, కాగితాలను మళ్లీ తూచండి. పెరిగిన బరువే తిరిగి వచ్చిన తడి.

ఇదంతా మూడు రకాల ప్యాడ్‌ల మీద, ఒక్కో రకానికి కనీసం ఐదు నమూనాల చొప్పున చేయండి. చివరగా ఆ మూడింటిలో ఒక రకానికి చెందిన కొత్త ప్యాడ్‌లు ఐదింటికి రెండో పొరను జాగ్రత్తగా తీసేసి మళ్లీ కొలిచి, రెండు వరుసల అంకెలనూ పక్కపక్కన రాసి ఉంచండి. గాలి ఆడే అడుగు ఫిల్ము గురించి చెప్పే నాలుగవ పాఠాన్ని ఆ అంకెలతోనే మొదలుపెడతాం.