మెషీన్ కొనే ముందు పిక్కల డబ్బు లెక్కేయండి

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకు లెక్కలు రాయడం నా పని. కొత్త మెషీన్ కొనాలనుకునేవాళ్లు కొటేషన్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "20 లక్షలండీ. కూలిలో, పప్పు విరగకపోవడంలో కలిపి ఏడాదికి 6 లక్షలు మిగులుతుంది. మూడున్నరేళ్లు తిరక్కుండా తీరిపోతుంది" అంటారు. నేను మొదట అడిగేది ఒకటే: "మరి దానికి వేసే పిక్కలకు డబ్బేదీ?" పిక్కలంటే పెంకు తీయని జీడిగింజలు.

ఈ ప్రశ్న అడగాలని నాకు ఆలస్యంగా తెలిసింది. కొత్తలో ఒక ఫ్యాక్టరీకి రాసిచ్చిన రిపోర్టులో మెషీన్, షెడ్డు, కరెంటు కనెక్షన్ అన్నీ పెట్టాను. రోజూ అదనంగా ఆడే బస్తాల డబ్బు మాత్రం పెట్టలేదు. మన ఉద్దానం పిక్కలు వచ్చేది మార్చి నుంచి మే దాకానే. ఏప్రిల్‌లోనే వాళ్ల సీసీ లిమిట్, అంటే సరుకు మీద బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు పరిమితి, నిండిపోయింది. దసరా, దీపావళి దాకా ఉంచాల్సిన పప్పును జూన్‌లోనే, వచ్చిన రేటుకు ఇచ్చేశారు. ఆ తప్పు నాది.

ఇప్పుడు ఇలా లెక్కేస్తాను. బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుందాం. ఏడాది తర్వాత వచ్చే లక్షకు ఈరోజు విలువ 89,300. రెండో ఏడాది లక్షకు 79,700, మూడో ఏడాదికి 71,200, నాలుగుకు 63,600, ఐదుకు 56,700. ఏటా 6 లక్షల చొప్పున ఐదేళ్లకు ఈరోజు విలువ 21.63 లక్షలు. చివర్లో మెషీన్‌ను 2 లక్షలకు అమ్మితే ఇంకో 1.13 లక్షలు. మొత్తం 22.76. ధర 20 పోగా 2.76 లక్షల లాభం. కొనొచ్చు అనిపిస్తుంది.

కానీ మెషీన్ వేగానికి సరిపడా సరుకులో ఇంకో 5 లక్షలు ఇరుక్కుంటాయి. ఐదేళ్ల తర్వాత అవి తిరిగొచ్చినా, వాటికి ఈరోజు విలువ 2.84 లక్షలే. అంటే 2.16 లక్షలు పోయినట్టు. మిగిలే లాభం 60 వేలు. మిగులు 6 కాకుండా 5 లక్షలే వస్తే 3 లక్షల నష్టం. అందుకే మిగులును కాస్త తగ్గించి ఇంకోసారి లెక్క కట్టకుండా నేను సంతకం పెట్టను. పన్ను, తరుగుదల ఇందులో కలపలేదు, అవి మీ ఆడిటర్ చూస్తారు.

ఇక రోజువారీ డబ్బు. రూపాయి బయటికి వెళ్లి మళ్లీ చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో రాసుకోండి. పిక్కలు గోడౌన్‌లో సగటున 90 రోజులు, ఉడికించి, కొట్టి, ఆరబెట్టి, పొట్టు తీసి గ్రేడ్ చేసేసరికి 10, పప్పు డబ్బాల్లో 15, పార్టీల దగ్గర, అంటే పప్పు కొనేవాళ్ల దగ్గర, బాకీ 40. మొత్తం 155 రోజులు. పిక్కలవాళ్లు మీకు 15 రోజులు ఆగితే మిగిలేది 140. రోజుకు లక్ష ఖర్చయితే 1.4 కోట్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. బాకీని 40 నుంచి 25 రోజులకు తెస్తే 15 లక్షలు చేతికొస్తాయి, ఏడాదికి 1.8 లక్షల వడ్డీ మిగులుతుంది. రేటు కోసం గంటలు బేరమాడేవాళ్లు ఈ 15 రోజుల గురించి నోరెత్తకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కొందరు పార్టీలు "2 శాతం తగ్గించండి, 45 రోజులు ఆగకుండా ఇప్పుడే ఇస్తాం" అంటారు. అది ఏడాదికి 16 శాతం దాటిన వడ్డీ. లిమిట్‌లో చోటుంటే ఒప్పుకోకండి. సీజన్‌లో లిమిట్ నిండి, పిక్కలు చేజారిపోతుంటే మాత్రం ఒప్పుకోండి.

చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే వెంటనే చేయించి, ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటిన బిల్లును సరుకు కొన్నవాళ్లు డబ్బు కట్టేదాకా పన్ను లెక్కలో ఖర్చుగా చూపించలేరు. అందుకే మార్చి నెలలో వసూలు తేలిక.

సరుకు, బాకీల లెక్క బ్యాంకుకు రాసిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ దగ్గర చాలామందికి టెన్షన్. కోటి రూపాయల సరుకులో 20 లక్షలు మీరింకా కట్టనిదైతే, మిగిలిన 80 మీద మీ వాటాగా 25 శాతం మార్జిన్ తీసేసి 60 లక్షలకే డ్రాయింగ్ పవర్, అంటే లిమిట్‌లో అప్పటికి వాడుకోగల మొత్తం, ఇస్తారు. 90 రోజులు దాటిన బాకీలను మామూలుగా లెక్కలోకే తీసుకోరు. ప్రతి నెలా 20వ తేదీన, 75 రోజులు దాటిన బిల్లుల పేర్లు ఎర్ర సిరాతో రాసి ఓనరు గారి టేబుల్ మీద పెడతాను. ఫోన్ ఆయనే చేయాలి. గుమస్తా చేస్తే "వచ్చే వారం" అంటారు.