పేగుపూత ఉన్నప్పుడు ఏం తినాలి, ఎలా తినాలి?

పేగుపూత అని తెలియగానే ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ఒక వైద్యం చెబుతాడు. పేగుపూతలో ముఖ్యమైన రెండు రకాలు, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వచ్చే పూత) గానీ, క్రోన్స్ (జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు) గానీ పథ్యంతోనే నయమైపోయే జబ్బులు కావు. మందులు వేసుకుంటూనే తిండి సరిచేసుకోవాలి. కాస్త తెరిపి ఇచ్చిందని మాత్రలు మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

ముందు డాక్టర్ని రెండు మాటలు అడగండి. మన దేశంలో పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది కాబట్టి, అది కాదని తేలిందా? పేగు ఎక్కడైనా సన్నబడిందా? సన్నబడితే పీచు ఎక్కువున్నవి, ఇసబ్గోల్ లాంటివి డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

జబ్బు ఎక్కువగా ఉన్న రోజుల్లో వంట మెత్తగా ఉండాలి. బియ్యానికి మామూలు కంటే ఎక్కువ నీళ్లు పోసి మెతుకు చిదిమితే నలిగిపోయేలా వండండి. పెసరపప్పు బాగా ఉడికించి, కట్టు వడకట్టి, ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి వేసి కలపండి. బీరకాయ, సొరకాయలైతే చెక్కు తీసి, గింజలు, మధ్యలో దూది తీసేసి ఉడికించాలి. ఇడ్లీ, గుడ్డు, ఉడికించిన చేప చాలామందికి పడతాయి. పాలు పడనివాళ్లకు కూడా పెరుగు పడొచ్చు. ఆవకాయ, పచ్చి ఉల్లిపాయ, గోంగూర, వేపుళ్లు కొన్నాళ్లు పక్కన పెట్టండి (ఆవకాయ మానడం ఎంత కష్టమో తెలుసు!). ఒకేసారి కడుపునిండా తినకుండా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. విరేచనాలు ఎక్కువగా ఉంటే ఓఆర్‌ఎస్ తాగాలి, ఒట్టి మంచినీళ్లు సరిపోవు.

జబ్బు సద్దుమణిగాక అదే చప్పిడి తిండి నెలల తరబడి తింటే నీరసించిపోతారు. మానేసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టండి. కొత్తది తిన్నాక రెండు మూడు రోజులు చూసి, పడిందో లేదో పుస్తకంలో రాసుకోండి. ఒకరికి పడనిది ఇంకొకరికి హాయిగా పడుతుంది, అందుకే పక్కవాళ్ల లిస్టు మీకు పనికిరాదు. ప్యాకెట్ తిళ్లు, కూల్ డ్రింకులు తగ్గించండి. క్రోన్స్ ఉన్నవాళ్లు సిగరెట్ పూర్తిగా మానాలి.

ఇక పసుపు. 2006లో జపాన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో కొలైటిస్ రోగులకు మామూలు మందులతో పాటు రోజుకు 2 గ్రాముల కర్కుమిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గింది. పసుపులో కర్కుమిన్ ఉండేది దాదాపు 3 శాతమే, అంటే కూరలో వేసే చిటికెడు ఆ మోతాదుకు ఏ మూలకూ రాదు. అలాగని క్యాప్సూల్స్ సొంతంగా కొనుక్కోవద్దు. అరుదుగానే అయినా వాటివల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు.

ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకండి, పేగుపూతను రేపగలవు. ఐరన్, బి12, విటమిన్ డి పరీక్షలు అప్పుడప్పుడు చేయించుకోండి.

రోజుకు ఆరుసార్లో, అంతకు మించో రక్తంతో విరేచనాలై జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకుండా వాంతులవుతున్నా పథ్యం మాట వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.