పసుపు రంగు ఎంతకీ పోలేదు

నైట్రిక్ ఆమ్లం వెండిని కరిగిస్తుంది, బంగారం జోలికి పోదు. సగం బరువు వెండి ఉన్న 12 క్యారట్ల తెల్ల బంగారు రేకును గాఢ ఆమ్లం మీద తేలనిస్తే, వెండి చాలావరకు పోయి బంగారం స్పాంజిలా మిగులుతుంది. చెప్పుకోవడానికి తేలికే. రేకు మందం 0.1 మైక్రాన్ మరి! నా మొదటి నాలుగూ పట్టకారు తగలగానే తునాతునకలయ్యాయి. పట్టకారు పక్కనపెట్టి, గాజు పలకను అడుగు నుంచి ఏటవాలుగా పైకి లేపితే రేకు దానిమీదికి ఎక్కి కూర్చుంది. అలాగే నీళ్లలోకి దించి కడిగాను. వెండిలా మెరిసే రేకు గోధుమరంగుకు తిరిగింది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. ఈ స్పాంజి బంగారం ఉత్ప్రేరకంగా, అంటే రసాయన చర్యను వేగం చేసేదిగా, పనిచేస్తుందో లేదో చూడాలి. పరీక్షకు వాడే, సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనం కలిపిన నైట్రోఫినాల్ ద్రావణం ముదురు పసుపుగా ఉంటుంది. ఉత్ప్రేరకం పనిచేస్తే రంగు పోవాలి. గంట చూశాను, అదే పసుపు. కారకాలు పాడయ్యాయని మళ్లీ కొత్తవి కలిపాను, దండగ.

తప్పు నాదే. బాగా ఆరాలని రేకును 400 డిగ్రీల కొలిమిలో పెట్టాను. బంగారం కరిగేది 1064 డిగ్రీల దగ్గర కదా అన్న ధీమా. కానీ ఉపరితలంలోని పరమాణువులు అంతకు చాలా ముందే కదులుతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే సన్నని దారాలు ఒకదానిలో ఒకటి కలిసి లావెక్కాయి, రంధ్రాలు పెద్దవయ్యాయి, రసాయన చర్య జరగాల్సిన ఉపరితలం తరిగిపోయింది.

కొత్త రేకును ఆమ్లం మీద 15 నిమిషాలే ఉంచి, గది వేడిమిలోనే ఆరబెట్టాను. ఈసారి పసుపు కళ్లముందే పలచబడుతూ నీళ్లలా అయింది. హైడ్రోజన్ బుడగలు రేకును ఒక మూల చింపాయి, అది వేరే గొడవ.