డెల్టాలో ఆత్మరక్షణకు చిన్న తుపాకి: బోరు, బరువు, తుప్పు

భీమవరం, అమలాపురం ప్రాంతాల్లో రొయ్యల పట్టుబడి సొమ్ము వెంట పెట్టుకొని రాత్రివేళ తిరగవలసివచ్చే రైతులు తుపాకి గురించి ఆలోచించినప్పుడు మొదట అడిగేది ఏ కాలిబర్ (బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం) కొనాలన్నదే. మన దేశంలో ఆ ప్రశ్నకు చాలావరకు చట్టమే జవాబు చెబుతుంది. 9 ఎం.ఎం., పాయింట్ 38 (అంగుళంలో 0.38 వంతు) నిషిద్ధ బోర్లు కాబట్టి సాధారణ లైసెన్సుదారు ఎంపిక ముఖ్యంగా పాయింట్ 32, పాయింట్ 22ల మధ్యే ఉంటుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి, పోలీసు విచారణ జరగాలి. లైసెన్సు చేతికి రాకముందే ఎవరికీ బయానా ఇవ్వవద్దు.

పాయింట్ 22 రివాల్వర్ తేలికే గాని, దాని తూటా దెబ్బ బలహీనం. పైగా పేలుడు రాజేసే మందు అడుగు అంచులో ఉండే తూటా కావడం వల్ల పేలకుండా ఉండిపోయే అవకాశం కూడా ఎక్కువ. అందువల్ల పాయింట్ 32నే ఎంచుకోమంటాను. అయితే ఆ పేరుతోనే రెండు వేర్వేరు తూటాలున్నాయన్నది తప్పక గుర్తుంచుకోవాలి: అశని వంటి పిస్టల్‌కు 7.65×17 ఎం.ఎం., కాన్పూర్‌లో తయారయ్యే రివాల్వర్‌కు 7.65×23 ఎం.ఎం. ఒకదాని తూటా మరొకదానిలో పెట్టకూడదు. కొనేటప్పుడు పెట్టె మీది కొలతను తుపాకి మీద చెక్కిన కొలతతో పోల్చి చూసుకోండి.

పిస్టల్ పలుచగా ఉండి చొక్కా కింద ఇమిడిపోతుంది, తూటాలు కూడా ఎక్కువ పడతాయి. అయినా చెరువు గట్టు మీద ఒక చేతిలో టార్చి ఉన్న మనిషికి నేను రివాల్వర్‌నే సూచిస్తాను. తూటా పేలకపోతే పిస్టల్ స్లైడును (పైన జరిగే భాగాన్ని) రెండో చేత్తో వెనక్కి లాగాలి, తడి చేతికి అది జారిపోతుంది. రివాల్వర్‌కైతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తర్వాతి తూటా ముందుకు వస్తుంది. దాని ట్రిగ్గర్ బిగువుగా ఉంటుంది కనుక దుకాణంలో దాని తూటాల గది తెరిచి ఖాళీగా ఉందని చూసుకొన్నాక, దుకాణదారు అనుమతితో, సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి పలుమార్లు నొక్కి చూడండి. గొట్టం మొన పక్కకు ఊగుతుంటే ఆ పిడి మీ చేతికి సరిపడదు. 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ టైటానియం మిశ్రమంతో సుమారు అరకిలోనే ఉంటుంది, మోయడానికి హాయిగా ఉంటుంది, కానీ తేలికైన తుపాకి చేతిని ఎక్కువగా తంతుంది. ఏది కొన్నా షూటింగ్ రేంజిలో తరచుగా సాధన చేయనిదే దానిని వెంట తీసుకెళ్లవద్దు. ప్రాణరక్షణకు ఎంతవరకు బలం వాడవచ్చో భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు చెబుతాయి; వాటిని వకీలు దగ్గర కూర్చుని చదివించుకోండి.

ఇక మన గాలిలోని తేమ ఉక్కుకు శత్రువు. ఒంటికి ఆనే పక్కన, ట్రిగ్గర్ చుట్టుపట్టీ దగ్గర, చెమట వల్ల ముందుగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. తోలు ఒర తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంటికి రాగానే తుపాకిని అందులోంచి తీసి, తూటాలు దించి, పొడిగుడ్డతో తుడిచి, పలుచగా గన్ ఆయిల్ రాసి, సిలికా జెల్ సంచితో తాళం వేసిన పెట్టెలో పిల్లలకు అందనిచోట ఉంచాలి. ఎన్నికల వేళ అధికారులు ఆదేశిస్తే స్టేషనులో అప్పగించవలసివస్తుంది. ఆ రోజు గొట్టం లోపల కూడా నూనె పట్టించి ఇచ్చి, క్రమసంఖ్య రాసిన రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకొన్నాక ఆ నూనెను పూర్తిగా తుడవకుండా కాల్చవద్దు.