చిన్న కరెంటు కుక్కర్‌తో ఇంటి వంట – 4వ పాఠం: పప్పు కింద, పులుపు పైన

ఈ పాఠంలో గోంగూర పప్పు చేయాలి. చేద్దాం. కానీ మూడో పాఠం మిగిల్చిన గొడవలు తేల్చకుండా ముందుకు వెళ్తే ఇదీ అలాగే తగలబడుతుంది. ముద్దపప్పు చేయమంటే కొందరి వంటింటి గోడలు పసుపు పచ్చనయ్యాయి. కొందరికి కుక్కర్ తెర మీద 'బర్న్' అని వచ్చింది. ఎక్కువమంది ఫిర్యాదు మాత్రం ఒకటే: "మీరు చెప్పినన్ని నిమిషాలూ పెట్టాను, పప్పు బద్దలు బద్దలుగానే ఉంది."

ముందు గోడల సంగతి. పప్పు ఉడికిందని కుక్కర్ బీప్‌మనగానే ఆవిరి మీట తిప్పేశారు. లోపలి నీళ్లు అప్పటికి 115 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఒత్తిడి ఒక్కసారిగా పోతే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా తెర్లుతాయి. పప్పులో నురుగు పెట్టే సపోనిన్లు ఉంటాయి కాబట్టి ఆవిరితో పాటు నురుగూ పైకెక్కి, ఆ చిన్న రంధ్రంలోంచి గోడకు కొడుతుంది. అందుకే 10 నిమిషాలు ఆగమన్నాను. ఆ 10 నిమిషాలూ వృథా కాదు, పప్పు ఉడుకుతూనే ఉంటుంది. అవి ఎగ్గొట్టినవారికి గోడా పాడైంది, పప్పూ పలుకు మీద మిగిలింది. పదినిమిషాల తర్వాత కూడా మూత మీది పిన్ను (లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ పైకి లేచి ఉండేది) దిగకపోతే, పొడుగాటి గరిటె కాడతో మీటను కొద్దికొద్దిగా కదిపి ఆవిరి వదలండి. పప్పులో చెంచాడు నూనె వేస్తే నురుగు తగ్గుతుంది.

'బర్న్' అన్నది కుక్కర్ చెడిపోయిందన్న మాట కాదు. గిన్నె అడుగు వేడెక్కాల్సిన దానికంటే ఎక్కువ వేడెక్కిందని కింద ఉన్న సెన్సరు గమనించింది, అంతే. మూడో పాఠంలో నేను పోపు మాటే ఎత్తలేదు. అయినా అలవాటు కొద్దీ గిన్నెలో పోపు వేసి, మాడిన అడుగు మీదే పప్పూ నీళ్లూ పోసినవారికి ఇది వచ్చింది. కుక్కర్ ఆపి, ఆవిరి పోయాక మూత తీసి, చెక్క గరిటెతో అడుగు గీకి, అర కప్పు నీళ్లు పోసి మళ్లీ పెట్టండి. అడుగు నల్లగా మాడితే గీకడం మానేసి పప్పును వేరే గిన్నెలోకి వంచుకోండి.

అసలు పోపు ఈ కుక్కర్లో వేయకండి. గిన్నె అడుగు చాలావాటిలో మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండు చెంచాల నూనె పోస్తే అంచులకు జారి చుట్టూ కాలువలా నిలుస్తుంది, మధ్యలో పడ్డ ఆవాలు పొడిగా మాడతాయి. గ్యాసు మీద పోపు గరిటెతో నిమిషంలో అయ్యే పనికి ఇంత అవస్థ దేనికి?

"ఎన్ని విజిల్స్?" అని ఇంకా అడుగుతున్నారు. ఇది విజిల్ వేయదు. తెర మీది నిమిషాలు పిన్ను పైకి లేచాకే మొదలవుతాయి. అంతకు ముందు వేడెక్కడానికి 8–10 నిమిషాలు, తర్వాత ఆవిరి దిగడానికి 10 నిమిషాలు కలుపుకోండి. మీట నొక్కిన దగ్గర్నుంచి మూత తీసేదాకా పప్పుకు అరగంట పడుతుంది. బడి బస్సు వచ్చే వేళకు మొదలుపెడితే ఇది మిమ్మల్ని ఆదుకోదు. ఆ అరగంటా దాని దగ్గర నిలబడనక్కర్లేదు, దీని మేలంతా అదే.

ఇక ఉడకని పప్పు. అందులో ఏమేం వేశారో చెప్పమంటే గుట్టు బయటపడింది. ఒకరు నిమ్మకాయంత చింతపండు వేశారు. ఒకరు నాలుగు టమాటాలు. మరొకరు, "ముద్దపప్పు ఏం తింటాం, గోంగూర కూడా పడేశాను" అన్నారు. అందరి సమర్థనా ఒకటే: "మా అమ్మ అన్నీ కలిపే కుక్కర్లో పెట్టేది."

పెట్టేది, నిజమే. ఆ కుక్కర్ వేరు. గ్యాసు మీది విజిల్ కుక్కర్లో నీళ్లు దాదాపు 120 డిగ్రీలకు చేరతాయి. కరెంటు కుక్కర్లు చాలావరకు 115–118 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఈ కాస్త తేడా మామూలు పప్పుకు పెద్ద లెక్కలోది కాదు, రెండు నిమిషాలు పెంచితే సరిపోతుంది. పులుపు తగిలిన పప్పుకు మాత్రం ఈ కాస్త తేడాయే పెద్దదవుతుంది. పైగా మీ అమ్మగారు మూత తీసి చూసి, ఉడకలేదనిపిస్తే మరో రెండు విజిల్స్ రానిచ్చేవారు. ఆ రెండు విజిల్స్ లెక్క ఆవిడ మీకు చెప్పి ఉండరు.

పులుపు పప్పును ఏం చేస్తుందో ఒకసారి చూద్దాం. ఇది అర్థమైతే రేపు పప్పుచారులో, సాంబారులో, సెనగల కూరలో మళ్లీ చెప్పనక్కర్లేదు. కందిపప్పు బద్దలో కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచేది పెక్టిన్. పప్పు మెత్తబడటమంటే ఆ పెక్టిన్ వేడికి కరిగి కణాలు విడిపోవడం. నీళ్లలో పులుపు ఉంటే పెక్టిన్ కరగడానికి మొరాయిస్తుంది. బద్ద నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, రంగు మారుతుంది, చూడటానికి ఉడికినట్టే ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కితే పైన మెత్తగా నలిగి, లోపల తెల్లటి పలుకు తగులుతుంది. పప్పుగుత్తితో ఎంత రుద్దినా ఆ పలుకు అలాగే ఉంటుంది, గుత్తి కింద నుంచి జారిపోతుంది.

బోరు నీళ్లూ ఇదే పని చేస్తాయి, దారి వేరు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌ను మరింత గట్టిగా పట్టి ఉంచుతాయి. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లయితే పప్పుకు మాత్రం తాగే నీళ్లు వాడండి. వేడి, తేమ తగిలేచోట నెలల తరబడి నిలవ ఉన్న కందిపప్పు కూడా మొండికేస్తుంది. దాన్ని నానబెట్టి, నిమిషాలు పెంచి చూడాలి. అప్పటికీ ఉడక్కపోతే అది పొడి కొట్టుకోవడానికి పనికొస్తుంది.

ఉప్పును మాత్రం వదిలేయండి. "ముందే ఉప్పు వేశాను, అందుకే ఉడకలేదేమో" అని చాలామంది రాశారు. మామూలుగా వేసే ఉప్పు పప్పును ఆపదు. దశాబ్దాలుగా ఈ నింద దాని మీదే పడుతోంది, పక్కనే ఉన్న చింతపండును ఎవరూ అనుమానించరు.

అంటే సూత్రం ఒకటే: పప్పు మెత్తబడేదాకా దానికి పులుపు తగలకూడదు. అలాగని రెండుసార్లు కుక్కర్ పెట్టనక్కర్లేదు. పప్పు అడుగు గిన్నెలో ఉంటుంది, పులుపు పైన మరో చిన్న గిన్నెలో ఆవిరికి ఉడుకుతుంది. ఈనాటి పాఠం ఇంతే.

కుక్కర్‌తో వచ్చిన కప్పుతో ఒక కప్పు కందిపప్పు. అది 180 మి.లీ. కప్పు అని రెండో పాఠంలో చెప్పాను, టీ గ్లాసు కాదు. అరగంట నానబెట్టి ఆ నీళ్లు వంచేసి, లోపలి గిన్నెలో వేసి 3 కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచాడు నూనె వేయండి. 3 లీటర్ల కుక్కర్లో పప్పుదినుసులు నీళ్లతో కలిపి సగం దాటకూడదు. ఈ కొలతకు సగానికి చాలా కిందే ఉంటుంది, పై గిన్నెకు చోటు మిగులుతుంది.

అందులో కాళ్లు పొడుగున్న స్టాండు పెట్టండి. కుక్కర్‌తో వచ్చే పొట్టి స్టాండు పప్పులో మునిగిపోతుంది, స్టీలు సామాన్ల కొట్లో పొడుగుది దొరుకుతుంది. దాని మీద చిన్న స్టీలు గిన్నె. ఆ గిన్నెకూ కుక్కర్ గోడకూ మధ్య చుట్టూ వేలు దూరేంత సందు, పైన మూతకు రెండు వేళ్ల ఎడం ఉండాలి. గిన్నె ఇరుక్కుపోయి కూర్చుంటే కింది ఆవిరి పైకి రాదు. గిన్నెలో కాడలు తీసి కడిగిన గోంగూర, అదిమితే రెండు గుప్పిళ్లు. నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి వేయండి, ఒక ఉల్లిపాయ ముక్కలు. నీళ్లు పోయకండి, కడిగిన ఆకుకు అంటిన తడి చాలు. గిన్నె మీద చిన్న పళ్లెం మూత పెట్టండి. లేకపోతే మూత నుంచి కారే నీళ్లు పడి గోంగూర ఈదులాడుతుంది.

మూత బిగించి 8 నిమిషాలు. నానబెట్టకపోతే 12. తర్వాత ఆ 10 నిమిషాలు ఆగాలి, ఈసారి గోడ గురించి నాకు రాయకండి. పై గిన్నెను పట్టకారుతో తీసి పక్కన పెట్టండి. ముందు పప్పును విడిగా గుత్తితో మెదపాలి, పలుకు లేదని చూసుకున్నాకే గోంగూర కలపాలి. ఉప్పు, కారం వేసి, వేయించే మీట (కుక్కర్ మీది 'సాటే') తక్కువ వేడి మీద పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. చిక్కబడ్డ పప్పు ఈ దశలో అడుగంటుతుంది, గరిటె ఆపకండి. లోపలి గిన్నెకు నాన్‌స్టిక్ పూత ఉంటే చెక్క గుత్తే వాడాలి.

పోపు గ్యాసు మీద: ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, దంచిన వెల్లుల్లి. గోంగూర పప్పులో ఇంగువ వేసేవారితో నాకు వాదన లేదు, కానీ వెల్లుల్లి తగ్గిస్తే ఒప్పుకోను.

మిగతా ఆకులూ కాయల సంగతి. ఎర్రకాడ గోంగూర తెల్లకాడదాని కంటే పుల్లగా ఉంటుంది, ఒక గుప్పెడు తగ్గించండి. చుక్కకూర గోంగూర దారే. చింతచిగురును అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరేసి పై గిన్నెలో పెట్టండి. మామిడికాయ ముక్కలకూ పైనే చోటు, టెంక మీద కాస్త కండ ఉంచి దాన్నీ పెట్టండి, ఇంట్లో దానికోసం కొట్లాట జరగాలి. దోసకాయ పప్పు మాత్రం వేరు. ముక్కను కొరికి చేదు చూసుకుని, పప్పు మెదిపాక ముక్కలూ చింతపండు పులుసూ వేసి వేయించే మీట మీద ముక్క మెత్తబడేదాకా ఉడికించాలి. ఎనిమిది నిమిషాలు ఆవిరిలో పెడితే ముక్క మిగలదు. పాలకూరకు పులుపు బెడద లేదు కానీ ముందే వేస్తే రంగు చచ్చిపోతుంది, వేడి పప్పులో కలిపి రెండు నిమిషాలు ఉంచితే చాలు. తోటకూరా అంతే, దానికి వేసే చింతపండు చివర్లో. రెండు హైబ్రిడ్ టమాటాలైతే పప్పుతో కలిపి పెట్టి 3 నిమిషాలు పెంచినా గట్టెక్కుతుంది. నాటు టమాటాలైతే పైకి ఎక్కించండి.

రబ్బరు రింగు గోంగూర వాసన పట్టుకుంటుంది. పాయసానికి, పెరుగన్నానికి వేరే రింగు ఉంచుకోవడం నా పద్ధతి.

ఇక ఇంటిపని, ఈసారి కాస్త ఓపిక కావాలి. పోపుల డబ్బాలోంచి ఒకే సైజు గిన్నెలు మూడు తీసి కడగండి. మూడింటిలోనూ నానబెట్టని కందిపప్పు రెండేసి చెంచాలు, నీళ్లు ఎనిమిదేసి చెంచాలు. మొదటిది అలాగే వదలండి. రెండోదాంట్లో చిటికెడు ఉప్పు, మూడోదాంట్లో గోళీ అంత చింతపండు పిసికి వేయండి. కుక్కర్ అడుగున ఒక గ్లాసు నీళ్లు పోసి, స్టాండు మీద మూడూ ఆనించి నిలబెట్టి, 15 నిమిషాలు పెట్టి పిన్ను దానంతటది దిగేదాకా ఆగండి. ఒక్కోదాంట్లోంచి నాలుగు బద్దలు తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. తర్వాత మూడో గిన్నెను ఒక్కదాన్నే మళ్లీ 10 నిమిషాలు పెట్టి ఇంకోసారి నలపండి. ఇంట్లో బోరు నీళ్లుంటే మరోరోజు మొదటి గిన్నె బోరు నీళ్లతో, రెండోది తాగే నీళ్లతో పెట్టి ఇదే పరీక్ష చేయాలి. ఏ గిన్నెలో ఎంతసేపటికి ఏమైందో కాగితం మీద రాసిపెట్టండి. పప్పు ఉడకలేదని ఇకపై రాసేవారు ఆ కాగితంతో కలిపి రాయాలి.

అయిదో పాఠం సెనగలు. ముందు రాత్రే నానబెట్టుకోండి. త్వరగా ఉడుకుతాయని వంట సోడా వేయకండి, దాని సంగతి అక్కడ చెబుతాను.