ఎంఎల్‌హెచ్1 యాంటీబాడీ కొత్తగా తెచ్చారా? ముందు ఆ ప్రోటీన్ లేని కణం మీద చూడండి

డీఎన్ఏ నకలు తయారయ్యేటప్పుడు జత తప్పిన అక్షరాలను సరిచేసే ప్రోటీన్లలో ఎంఎల్‌హెచ్1 ఒకటి. మనిషిలో దీని జన్యువు 3వ క్రోమోజోము మీద ఉంటుంది. ప్రోటీన్‌లో 756 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 85 కిలోడాల్టన్లు. పీఎంఎస్2తో జోడీ కట్టి పనిచేస్తుంది. ఈ జన్యువులో పుట్టుకతో లోపముంటే లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచే వారసత్వ లోపం) వస్తుంది కాబట్టి పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేసే ల్యాబుల్లో ఈ యాంటీబాడీ తరచూ కనిపిస్తుంది. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటే దానితో పేషెంట్ రిపోర్టు రాయకూడదు.

యాంటీబాడీ అంటే ఒక ప్రోటీన్‌ను గుర్తించి పట్టుకునే మరో ప్రోటీన్. సరైనదాన్నే పట్టుకుంటోందో లేదో వెస్టర్న్ బ్లాట్‌తో చూస్తాం: కణాల ప్రోటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీ పట్టిన చోట గీత చూడటం. 85 దగ్గర గీత పడగానే యాంటీబాడీ మంచిదని సంబరపడొద్దు. 85 దగ్గర గీత పడే ప్రోటీన్లు కణంలో బోలెడు. ఎంఎల్‌హెచ్1 లేని కణంలో ఆ గీత మాయమైతేనే నమ్మాలి. హెచ్‌సీటీ116 పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో ఈ జన్యువు 252వ అమైనో ఆమ్లం దగ్గరే ఆగిపోతుంది, పూర్తి ప్రోటీన్ తయారు కాదు. హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో నిక్షేపంగా ఉంటుంది. ఈ జోడీ చాలు. పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) కణ భాండాగారం నుంచి తెప్పించుకోవచ్చు. చాలామంది బోర్లా పడేది హెచ్ఈకే293టీ అనే మనిషి మూత్రపిండ కణాల దగ్గర. అన్ని ల్యాబుల్లోనూ ఉంటుంది కదా అని దాన్నే పాజిటివ్‌గా (ప్రోటీన్ ఉన్న కణంగా) పెట్టేస్తారు. అందులో ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్ (జన్యువును నడిపే స్విచ్చు) మిథైలేషన్ అనే రసాయన గుర్తుతో మూతపడి ఉంటుంది. గీత రాకపోతే తప్పు యాంటీబాడీది కాదు.

పార్సిల్ సంగతి. చెన్నై నుంచి నెల్లూరుకు నాలుగు గంటల దారే అయినా, రోహిణీ కార్తెలో గోదాములో ఒక పూట పడి ఉంటే జెల్ ప్యాకులు నీళ్లవుతాయి. శుక్రవారం బయల్దేరే ఆర్డరు పెట్టొద్దు. రాగానే సీసాను ఒక్క నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, మూతకు అంటుకున్న చుక్క కిందికి దిగుతుంది. తర్వాత డేటాషీటు చూడండి. 50 శాతం గ్లిసరాల్ ఉంటే మైనస్ 20లో గడ్డకట్టదు, చిన్న గొట్టాల్లోకి విడగొట్టే పని లేదు. గ్లిసరాల్ లేనిదైతే, షీటు ఒప్పుకుంటే, 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి గడ్డకట్టించండి, ఒక గొట్టాన్ని ఒక్కసారే కరిగించండి. మంచు తనంతట కరిగించుకునే ఫ్రీజరు పనికిరాదు, అది రోజూ కాస్త వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోయినప్పుడు పెట్టె కరిగిందో లేదో తెలియాలంటే, చిన్న గొట్టంలో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక చిన్న ఇనుప గోళీ పెట్టి అదే పెట్టెలో ఉంచండి. గోళీ అడుక్కి దిగిందంటే పెట్టె కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే.

కణాలను రిపా బఫర్‌లో (కణాలను పగలగొట్టే డిటర్జెంట్ ద్రావణం) ఐసు మీద 20 నిమిషాలు కరిగించండి: ట్రిస్ 50 మిల్లీమోలార్, ఉప్పు 150 మిల్లీమోలార్, ఎన్‌పీ-40 1 శాతం, డీఆక్సీకోలేట్ 0.5 శాతం, ఎస్‌డీఎస్ 0.1 శాతం, పీహెచ్ 8. ప్రోటీన్లు విరగకుండా ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్, 1 మిల్లీమోలార్ పీఎంఎస్ఎఫ్ అప్పటికప్పుడే కలపాలి. పీఎంఎస్ఎఫ్ నీళ్లలో పడ్డాక ఎక్కువసేపు నిలవదు. ఇది కేంద్రకంలో ఉండే ప్రోటీన్ కాబట్టి డీఎన్ఏ కూడా బయటికి వస్తుంది. పిపెట్ ఎత్తితే లైసేట్ (కరిగిన కణాల ద్రావణం) తీగపాకంలా సాగుతుంటే అలాగే లోడ్ చేయొద్దు, జెల్‌లో గీతలు వంకరపోతాయి. 23 గేజ్ సూదిలో పదిసార్లు లాగి వదలండి, లేదా ఐసు మీద సోనికేట్ చేయండి. 14,000 జీ, 4 డిగ్రీలు, 15 నిమిషాలు తిప్పి పైతేట తీసుకోండి. ప్రోటీన్ కొలత బీసీఏ పరీక్షతో చేయండి. డిటర్జెంటు ఉంటే బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష తప్పు చూపిస్తుంది.

జెల్ 8 శాతం, పది గుంటలు. ఒక్కో గుంటకు 30 మైక్రోగ్రాములు, 95 డిగ్రీల్లో 5 నిమిషాలు మరిగించినవి. మొదటి, చివరి గుంటల్లో ల్యాడరు (బరువులు తెలిసిన ప్రోటీన్ల మిశ్రమం). మధ్యలో హీలా, హెచ్‌సీటీ116 పక్కపక్కనే, నాలుగు జతలు. 80 వోల్టులతో మొదలుపెట్టి, రంగు కింది జెల్‌లోకి దిగాక 120కి పెంచండి.

ప్రోటీన్లను ఎక్కించే పీవీడీఎఫ్ పొరను మిథనాల్‌లో అర నిమిషం ముంచి 100 వోల్టుల్లో 75 నిమిషాలు తడి ట్రాన్స్‌ఫర్ చేయండి. బఫర్ ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి, సగంలో ఐసు గడ్డ మార్చాలి. ఎండాకాలంలో ఈ రెండూ చేయకపోతే బఫర్ వేడెక్కి కరెంటు పెరుగుతుంది, జెల్ మెత్తబడుతుంది. తర్వాత పొర మీద పాన్సో (ప్రోటీన్లను ఎర్రగా చూపే రంగు) పోయండి. గుండ్రటి తెల్ల మచ్చలు కనిపిస్తే గాలిబుడగలు ఉండిపోయినట్టే, రోలర్‌తో సరిగా నొక్కలేదన్నమాట. ఎరుపు ఉండగానే పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, జతకొక ముక్కగా నాలుగు నిలువు ముక్కలు కోయండి.

బ్లాకింగ్‌కు (యాంటీబాడీ పొరకే అంటుకోకుండా ఖాళీలు కప్పడానికి) 0.1 శాతం ట్వీన్-20 ఉన్న టీబీఎస్ (ట్రిస్, ఉప్పు కలిపిన బఫర్)లో 5 శాతం స్కిమ్డ్ మిల్క్ పౌడరు. టీలోకి తెచ్చుకునే పాలపొడి వద్దు, దాంట్లో చక్కెర కలుపుతారు. 'గది ఉష్ణోగ్రత' అంటే ప్రొటోకాల్ రాసినవాళ్ల లెక్కలో 20 నుంచి 25 డిగ్రీలు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం ఆ మాట చెల్లదు, బ్యాక్‌గ్రౌండ్ నల్లబడుతుంది. ఏసీ గదిలో గంటసేపు, లేదంటే ఫ్రిజ్‌లో రాత్రంతా బ్లాక్ చేయండి.

మొదటి యాంటీబాడీ (అంటే మనం పరీక్షిస్తున్న ఎంఎల్‌హెచ్1 యాంటీబాడీ) 2.5 మైక్రోలీటర్లను 2.5 మిల్లీలీటర్ల బ్లాకింగ్ ద్రావణంలో కలిపితే 1:1000. అందులోంచి 0.5 మిల్లీలీటర్లు తీసి 1.5 మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపితే 1:4000. విడిగా 4 మైక్రోలీటర్లు 2 మిల్లీలీటర్లలో వేస్తే 1:500. ఒక్కోటి ఒక్కో ముక్కకు. నాలుగో ముక్కకు మొదటి యాంటీబాడీ ఏమీ వద్దు, ఉత్త బ్లాకింగ్ ద్రావణమే. మొత్తం ఖర్చు ఆరున్నర మైక్రోలీటర్లే. 4 డిగ్రీల్లో రాత్రంతా ఊపండి. పొద్దున పది నిమిషాల చొప్పున మూడు కడుగుళ్లు, ఆపైన మొదటిదాన్ని పట్టుకునే, హెచ్ఆర్‌పీ అనే ఎంజైమ్ ఉన్న రెండో యాంటీబాడీ 1:5000, గంటసేపు, నాలుగు ముక్కలకూ. మొదటిది ఎలుకదైతే యాంటీ-మౌస్, కుందేలుదైతే యాంటీ-రాబిట్. చిన్న విషయమే, కానీ ఇది తప్పితే బ్లాట్ ఖాళీగా వస్తుంది. మళ్లీ మూడు కడుగుళ్లు, ఈసీఎల్ (హెచ్ఆర్‌పీ ఉన్న చోట వెలుగునిచ్చే ద్రావణం) ఒక నిమిషం, ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి ఒకే ఫొటో.

హీలాలో 85 దగ్గర గీత ఉండి, హెచ్‌సీటీ116లో లేకపోతే యాంటీబాడీ పనికొచ్చినట్టు. రెండింటిలోనూ ఉంటే నాలుగో ముక్క చూడండి. అందులోనూ ఉంటే తప్పు రెండో యాంటీబాడీది, లేకపోతే మొదటిది వేరే ప్రోటీన్‌ను పట్టుకుంటోంది. గీత నడుమ తెల్లగా బోలుగా ఉంటే హెచ్ఆర్‌పీ ఎక్కువైంది, 1:20,000కి తగ్గించండి. హీలా గుంటలో కింద చిన్న చిన్న గీతలు బారులు తీరితే ప్రోటీన్ విరిగింది, ఇన్హిబిటర్ పాతబడి ఉంటుంది. చివరికి అవే ముక్కల మీద, రెండు కణాల్లోనూ ఉండే బీటా-యాక్టిన్ ప్రోటీన్ చూడండి. హెచ్‌సీటీ116 గుంటలో 42 దగ్గర గీత రాకపోతే ప్రోటీనే లోడ్ కాలేదు, అప్పుడు 85 దగ్గరి ఖాళీకి అర్థం లేదు.

పలచన చేసిన మొదటి యాంటీబాడీని మళ్లీ వాడాలనుకుంటే మొదటే పాలలో కాకుండా 5 శాతం బీఎస్ఏ (ఆవు రక్తపు అల్బుమిన్ ప్రోటీన్)లో కలుపుకుని, 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల్లో ఉంచండి. పాలు రెండు మూడు రోజులకే చెడిపోతాయి. అజైడ్ విషం, చేతికి గ్లోవ్స్ ఉండాలి. హెచ్ఆర్‌పీ ఉన్న రెండో యాంటీబాడీలో మాత్రం అది వేయకూడదు, ఎంజైమ్ పనిచేయకుండా పోతుంది.