స్పెక్ట్రోమీటర్‌లోకి పంపే కాంతి దారిలో వృథా కాకుండా ఎలా చూసుకోవాలి?

స్పెక్ట్రోమీటర్ అంటే కాంతిని రంగులుగా విడదీసి ఒక్కో రంగు బలాన్ని కొలిచే పరికరం. దానిలో సిగ్నల్ బలహీనంగా వస్తుంటే చాలామంది మొదట ఎక్స్‌పోజర్ సమయం పెంచుతారు, అప్పటికీ చాలకపోతే ఇంకా బలమైన దీపం తెస్తారు. కానీ ఫైబర్ (కాంతిని మోసే సన్నటి గాజు తీగ) ద్వారా కాంతిని పంపే అమరికల్లో పెద్ద నష్టం గాజు పీల్చుకోవడం వల్ల రాదు. ఫైబర్, స్లిట్ (కాంతి లోపలికి వెళ్లే సన్నటి చీలిక), గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే గీతల పలక) ఒకదానితో ఒకటి కలిసేచోట కోణాలు, కొలతలు పొసగకపోవడం వల్ల వస్తుంది. అందుకే ఎక్కువ పోయే చోటి నుంచి మొదలుపెట్టాలి.

1. ముందు ఇప్పటి స్థితిని కొలిచి రాసుకోండి

దీపం స్థిరపడ్డాక, డిటెక్టర్ (కాంతిని కొలిచే సెన్సర్) సాచురేట్ కాని, అంటే దాని గరిష్ఠ పరిమితిని తాకని ఎక్స్‌పోజర్ ఒకటి ఎంచుకుని మార్చకుండా ఉంచండి. డార్క్ రీడింగ్ (కాంతి లేనప్పుడు వచ్చే విలువ) తీసేసి నీలం, ఆకుపచ్చ, ఎరుపు ప్రాంతాల్లో ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర విలువ రాసుకోండి. మొత్తం కౌంట్ ఒక్కటే చూస్తే మోసపోతాం. లెన్స్ కదిపినప్పుడు ఎరుపు పెరిగి నీలం పడిపోవచ్చు.

2. కాంతి శంకువును స్పెక్ట్రోమీటర్‌కు సరిపెట్టండి

ఫైబర్ నుంచి కాంతి శంకువులా విచ్చుకుంటూ వస్తుంది. ఆ విస్తృతిని చెప్పేది న్యూమరికల్ అపర్చర్, అంటే ఎన్ఏ. సాధారణంగా వాడే సిలికా ఫైబర్ ఎన్ఏ 0.22. స్పెక్ట్రోమీటర్ ఎంత వెడల్పు శంకువును తీసుకోగలదో దాని ఎఫ్ నంబర్ చెబుతుంది. ఎఫ్/4 స్పెక్ట్రోమీటర్ తీసుకోగలిగేది 0.125 మాత్రమే (1ని ఎఫ్ నంబర్‌కు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది). 0.125ను 0.22తో భాగించి వర్గం చేస్తే 0.32. అంటే శంకువు నిండా కాంతి ఉంటే, దాదాపు మూడింట రెండు వంతులు లోపలి అద్దాన్ని దాటి పక్కకు పోతుంది. పోతే పోయిందని వదిలేయడానికీ లేదు. అది లోపలి గోడలకు తగిలి స్ట్రే లైట్‌గా, అంటే దారి తప్పిన అనవసర కాంతిగా డిటెక్టర్ మీదికే వస్తుంది. అందుకే ఎఫ్ నంబర్ చూడకుండా ఫైబర్ కొనడం నాకు అర్థం లేని పనిలా అనిపిస్తుంది.

3. స్లిట్ దగ్గర లెక్క వేయండి

200 మైక్రాన్ల గుండ్రటి కోర్‌ను (ఫైబర్‌లో కాంతి నడిచే నడిమి భాగం) 25 మైక్రాన్ల స్లిట్ ముందు పెడితే, నడిమి పట్టీ ఒక్కటే లోపలికి వెళ్తుంది. అది సుమారు 16 శాతం. పై శంకువు నష్టం కూడా కలిపితే మిగిలేది 5 శాతమే.

ఇప్పుడు మధ్యలో లెన్స్ పెట్టి 0.22 శంకువును 0.125కు కుదిద్దాం. కోర్ ప్రతిబింబం 1.76 రెట్లు పెరిగి దాదాపు 350 మైక్రాన్లు అవుతుంది. స్లిట్‌లోకి వెళ్లే వాటా 9 శాతానికి పడిపోయినా, ఆ వెళ్లిందంతా గ్రేటింగ్‌ను చేరుతుంది. 5 నుంచి 9కి, అంటే దాదాపు రెట్టింపు. పైగా స్ట్రే లైట్ తగ్గుతుంది. అంతకు మించి ఆశించకండి. లెన్స్ గరాటు కాదు: కోణం తగ్గిస్తే బొమ్మ పెద్దదవుతుంది, బొమ్మ తగ్గిస్తే కోణం పెరుగుతుంది. ఈ రెండింటి లబ్ధాన్నే ఎటెండ్యూ అంటారు. ఎన్ని లెన్సులు పెట్టినా కాంతి పోగొట్టుకోకుండా దాన్ని తగ్గించలేం.

స్లిట్ వెడల్పు చేయడం తేలికే, కానీ రిజల్యూషన్ (దగ్గరి రంగులను విడిగా చూపే శక్తి) చెడుతుంది. అంతకంటే మంచి దారి ఒక చివర గుండ్రంగా, మరో చివర ఒకే వరుసగా పేర్చిన ఫైబర్ కట్ట. ఉదాహరణకు 105 మైక్రాన్ల కోర్, 125 మైక్రాన్ల క్లాడింగ్ (కోర్ చుట్టూ ఉండే పొర) ఉన్న ఏడు ఫైబర్లను నిలువుగా పేరిస్తే వరుస ఎత్తు సుమారు 0.86 మిల్లీమీటర్లు, వెడల్పు మాత్రం 105 మైక్రాన్లే. ఆ వరుస స్లిట్‌కు సమాంతరంగా ఉండాలి. కనెక్టర్ కొద్దిగా వదులు చేసి, కౌంట్ చూస్తూ నెమ్మదిగా తిప్పి, గరిష్ఠం వచ్చిన చోట బిగించండి. డిటెక్టర్ పిక్సెళ్లు పొట్టివైతే ఆ ఎత్తంతా వాటి మీద పడదు. అప్పుడు డిటెక్టర్ ముందు సిలిండ్రికల్ లెన్స్ (కాంతిని ఒక దిశలోనే కుదించేది) కావాలి.

4. ఖాళీ ఉంచకండి

0.22 ఫైబర్ కొనకు, స్లిట్‌కు మధ్య ఒక్క మిల్లీమీటర్ ఖాళీ ఉన్నా వెలుగు మచ్చ వ్యాసం 0.45 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే 200 మైక్రాన్ల మచ్చ 650 మైక్రాన్లు అవుతుంది. కనెక్టర్ చివరిదాకా కూర్చుందో లేదో మొదట చూడండి, డబ్బు ఖర్చు లేని మరమ్మతు ఇదే.

5. దీపం వైపు సరిచేయండి

లేజర్ లాంటి చిన్న మూలమైతే లెన్స్‌తో సన్నటి ఫైబర్‌లోకి కూడా చక్కగా దింపొచ్చు. పెద్ద ఫిలమెంట్‌ను అలా దింపలేం, మూలం ఎటెండ్యూ ఫైబర్‌ది కంటే పెద్దది కాబట్టి. ఫైబర్ ఎటు చూస్తోందో తెలియకపోతే, దాన్ని స్పెక్ట్రోమీటర్ నుంచి విప్పి ఆ కొనలోకి టార్చ్ వెలుగు పంపండి. రెండో వైపు లెన్స్ నుంచి వచ్చే మచ్చ దీపం మీద ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. లేజర్ ఆన్‌లో ఉండగా మాత్రం ఏ ఫైబర్ కొనలోకీ కన్ను పెట్టకండి.

మామూలు ఒంటి లెన్స్ రంగును బట్టి ఫోకస్ మారుస్తుంది. అతినీలలోహితం నుంచి పరారుణం దాకా ఒకేసారి కొలవాలంటే ఆఫ్-యాక్సిస్ పారాబోలిక్ అద్దం నయం.

6. ఉపరితలాలు, పదార్థాలు

పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిప్పేస్తుంది. కాబట్టి అనవసరమైన లెన్సులు తీసేయండి, మిగిలినవి యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉన్నవి వాడండి. అతినీలలోహితానికి ఫ్యూజ్డ్ సిలికా లెన్సులు, హై-ఓహెచ్ ఫైబర్ (గాజులో హైడ్రాక్సిల్ ఎక్కువ ఉన్నది). సమీప పరారుణానికి లో-ఓహెచ్ ఫైబర్ (అది తక్కువ ఉన్నది). ఫైబర్ కొనను నూలు రాలని టిష్యూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

7. పెరిగింది పనికొచ్చే కాంతేనా?

ప్రతి మార్పు తర్వాత మొదటి అడుగులోని ఎక్స్‌పోజర్‌తోనే మళ్లీ కొలవండి. కౌంట్ పెరిగితే దారిలో ఒక లాంగ్-పాస్ ఫిల్టర్ (పొడవైన తరంగదైర్ఘ్యాలనే దాటనిచ్చేది) పెట్టి, అది పూర్తిగా ఆపేసే తరంగదైర్ఘ్యాల వైపు చూడండి. అక్కడ కూడా విలువ పెరిగి కనిపిస్తే వచ్చినదానిలో కొంత స్ట్రే లైట్. మళ్లీ రెండో అడుగుకు వెళ్లి శంకువును ఇంకా కుదించండి.